ముడి నూనెలో గులాబీ రంగు వెతికితే

పత్తి సీజన్‌లో ఆదోని మార్కెట్ యార్డు మీద రాసి పంపమన్నారు ఎడిటర్. యార్డు మీద ఎవరైనా రాస్తారు. నేను ఒక నూనె మిల్లు వెనక, రేకుల షెడ్డులో ఉన్న ల్యాబ్ దగ్గర ఆగిపోయాను. లోపల యాభై దాటిన కెమిస్టు ఒకాయన బ్యూరెట్ ముందు నిలబడి ఉన్నాడు. ఎడమ చేతి వేళ్లు కుళాయిని వెనక నుంచి చుట్టుకున్నాయి, కుడిచేయి ఫ్లాస్కును తిప్పుతోంది. కళ్లు మాత్రం బ్యూరెట్ మీద లేవు, నూనె మీదే ఉన్నాయి.

ఫ్లాస్కులో ఉన్నది పత్తిగింజల ముడి నూనె. ముందే తటస్థం చేసిన వేడి స్పిరిట్‌లో కలిపినా ముదురు రంగు పోలేదు. పత్తిగింజల్లో ఉండే గాసిపాల్ అనే రంగు పదార్థం చేసే పని అది. ఇందులో విడి కొవ్వు ఆమ్లం ఎంతుందో తేలితేనే రిఫైనింగ్‌లో ఎంత కాస్టిక్ పోయాలో తెలుస్తుంది. ఒలీక్ ఆమ్లంగా లెక్కగడితే, నూరు కిలోల నూనెలో 1 శాతం ఆమ్లానికి 142 గ్రాముల కాస్టిక్ సోడా చాలు, ఆపైన కాస్త అదనం. మరీ ఎక్కువైతే మంచి నూనె కూడా సబ్బై మడ్డిలో కలిసిపోతుంది.

"కొత్తగా వచ్చే పిల్లోల్లకు ఒకటే తెలుసు సార్. ఫినాఫ్తలీన్ రెండు చుక్కలు, గులాబీ రంగు. ఈ నూనెలో గులాబీ యాడ కనపడతాది? రాలేదు రాలేదని పోస్తానే ఉంటారు."

ఆయన ముడి నూనెకు థైమాల్ఫ్తలీన్ అనే మరో ఇండికేటర్ వాడతాడు. అది పీహెచ్ 9.3 దాటాక నీలమవుతుంది. గోధుమ రంగులో గులాబీ మునిగిపోతుంది కానీ నీలం పడితే మార్పు తెలుస్తుంది. నూనె తక్కువ తీసుకుని స్పిరిట్ ఎక్కువ పోస్తాడు, అదొక జాగ్రత్త. శుద్ధి చేసిన నూనెకైతే మళ్లీ ఫినాఫ్తలీనే.

బాయిలర్‌కు పోయే బోరు నీళ్ల సంగతి మరోటి. ఆ నీళ్లలో ఫినాఫ్తలీన్ వేస్తే రంగే రాదు. క్షారం లేదని రాసేశాడట ఒక కుర్రాడు. బైకార్బనేటు నిండా ఉన్న నీళ్లు కూడా 8.2 లోపే ఉండొచ్చు. అక్కడ ఫినాఫ్తలీన్ నోరు మెదపదు. మిథైల్ ఆరెంజ్ వేసి ఆమ్లంతో 4 దాకా దించితేనే అసలు లెక్క బయటపడుతుంది. "వాడు తప్పు చేసినాడని కాదు సార్, ఎవరూ చెప్పలేదు వానికి," అన్నాడు. నాకు కోపం వచ్చింది అక్కడే.

మన ఇంటర్ ప్రాక్టికల్స్‌లో ఇండికేటర్ పేరు పద్ధతిలోనే అచ్చేసి ఉంటుంది. విద్యార్థి ఎంచుకోడు, వేస్తాడు. బలమైన ఆమ్లానికి బలమైన క్షారం పోసే టైట్రేషన్‌లో ఏది వేసినా దాదాపు ఒకటే, ఎందుకంటే చివర్లో పీహెచ్ ఒక్క చుక్కకే 4 నుంచి 10 దాకా ఎగురుతుంది. ఇండికేటర్ సీసా మారిస్తే కొంపలంటుకునేది బలహీనమైన వాటితో. వెనిగర్‌కు మిథైల్ ఆరెంజ్ వేసి కాస్టిక్ సోడా పోస్తే, ఆమ్లంలో మూడో వంతు తటస్థం అయ్యేసరికే పసుపు రంగు వచ్చేసి పని అయిపోయిందంటుంది. అదే అమ్మోనియాకు హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసేటప్పుడు ఫినాఫ్తలీన్ మోసం చేస్తుంది, మిథైల్ రెడ్ నిజం చెబుతుంది. బలహీన ఆమ్లానికి బలహీన క్షారమైతే ఏ సీసా పనికిరాదు.

సాయంత్రం ఎమ్మిగనూరు పోయాను. 1938లో మాచాని సోమప్ప నేత కార్మికుల సహకార సంఘం పెట్టిన ఊరు. ఇక్కడ ఒక అద్దకం పనివాడు వ్యాట్ రంగు తొట్టిలో కాస్టిక్ సరిపోయిందో లేదో బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య ద్రావణాన్ని రుద్ది చెబుతున్నాడు. వేళ్ల చర్మం పెచ్చులూడింది. రంగు నీళ్లలో ఇండికేటర్ చుక్క వేసి లాభం లేదు నిజమే, ఫినాఫ్తలీన్ పూసిన కాగితం ముంచి చూడొచ్చు. ఆ సంగతి చెబితే నవ్వాడు: "ఎవరిస్తారప్పా ఆ కాగితం?"

జర్మనీలో అడాల్ఫ్ ఫాన్ బేయర్ 1871లో ఫినాఫ్తలీన్ తయారు చేసింది రంగుల రసాయనశాస్త్రంలో పనిచేస్తూనే. మిథైల్ ఆరెంజ్ కూడా అజో రంగే. ఇండికేటర్ల శాస్త్రం అద్దకానికి ఇంత దగ్గరి చుట్టం. అయినా ఎమ్మిగనూరు తొట్టి దగ్గరికి ఒక కాగితం ముక్క రాలేదు. ఆ పనివాడి వేళ్ల నేర్పుకు చేతులెత్తి దండం పెడతాను, కానీ ఆ చర్మాన్ని చూసి పొగడలేను.

ఆదోని, ఎమ్మిగనూరు కాలేజీల్లో కెమిస్ట్రీ చెప్పే మాస్టర్లకు ఒక మనవి. ఈసారి ప్రాక్టికల్స్‌లో సీసా పేరు చెప్పకండి. బల్ల మీద బోరు నీళ్లు, వెనిగర్, ముడి పత్తినూనె, నాలుగు ఇండికేటర్లు పెట్టండి. ఏది ఎందుకు ఎంచుకున్నాడో రాయమనండి, మార్కులు ఆ రాతకే వేయండి.