అంకెల్లోకి ఎక్కిన అంబాసిడర్

బెంగాల్లోని ఉత్తరపార ఫ్యాక్టరీలో అంబాసిడర్ల తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. 1957 నుంచి దేశాన్ని మోసిన కారది. కలెక్టరుగారికీ అదే, పెళ్ళికొడుక్కీ అదే, అర్ధరాత్రి పెద్దాసుపత్రికి పరుగెత్తే రోగికీ అదే. అలాంటి కారుని మళ్ళీ తయారుచేస్తానంటూ రాజమండ్రిలో ఓ కుర్రాడు కూర్చున్నాడు. రేకుతో కాదు, కంప్యూటర్లో.

కుర్రాడంటే మరీ కుర్రాడేం కాదు, ముప్ఫై దాటాయి. పగలు ఉద్యోగం, రాత్రి కార్లు. ‘అసెట్టో కోర్సా’ అని ఇటలీవాళ్ళు చేసిన డ్రైవింగ్ ఆట ఒకటుంది. అంబాసిడర్ ఆగిపోయిన 2014లోనే, డిసెంబర్లో పూర్తిస్థాయిలో బయటికొచ్చింది. అందులో ఫెరారీలుంటాయి, లోటస్‌లుంటాయి. అంబాసిడర్ మాత్రం ఉండదు. అయితే ఓ వెసులుబాటుంది. కావలసిన కారుని ఎవరికి వారు తయారుచేసి ఆ ఆటలో పెట్టుకోవచ్చు, నలుగురికీ పంచిపెట్టొచ్చు. అలా పంచిన కారుని ‘మాడ్’ అంటారు.

ఈ పిచ్చి కొత్తదేమీ కాదు. 1998లో పాపిరస్ అనే అమెరికా కంపెనీ ‘గ్రాండ్ ప్రి లెజెండ్స్’ అనే ఆట తెచ్చింది. 1967 నాటి రేసు కార్లు, వాటితోపాటు ఆనాటి కష్టమూనూ. కాస్త ఏమరితే కారు గిర్రున తిరిగిపోయేది. ఆట సరిగా అమ్ముడుపోలేదు, కొన్నేళ్ళకి కంపెనీయే మూతపడింది. కానీ అభిమానులు వదల్లేదు. 1965 కార్లూ 1969 కార్లూ తామే తయారుచేసి, డబ్బు తీసుకోకుండా పంచుకున్నారు. ఇలా సరదాకి కార్లు చేసినవాళ్ళలో కొందరు స్వీడన్‌లో ‘సిమ్‌బిన్’ అనే కంపెనీగా ఏర్పడి సొంత ఆటలే విడుదల చేశారు.

మనవాడు వాడిన పనిముట్టు బ్లెండర్. అదీ చందాలతో జనం పరమైన సాఫ్ట్‌వేరే. 2002లో అభిమానులు లక్ష యూరోలు పోగుచేసి దాన్ని అందరికీ ఉచితం చేశారు. ఇక కొలతలు కావాలి. ఓ మెకానిక్ షెడ్డులో మూలపడి ఉన్న అంబాసిడర్ దగ్గర టేపు పట్టుకుని కూర్చున్నాడు. ముందు చక్రం ఇరుసు నుంచి వెనక చక్రం ఇరుసుకి 97 అంగుళాలు. అన్ని పక్కల నుంచీ ఫొటోలు తీసుకున్నాడు. కంప్యూటర్లో కారంటే చిన్న చిన్న త్రికోణాల కుప్ప. దగ్గర్నుంచి చూసే కారుకి లక్షకు అటూ ఇటూ కావాలి. దూరంగా కనిపించేటప్పటికి కంప్యూటరు మీద భారం పడకుండా అదే కారుని తక్కువ త్రికోణాలతో మళ్ళీ చెయ్యాలి. అన్నిటికన్నా ఏడిపించింది బానెట్. ఎక్కడా తిన్నగా ఉండదు, ఎక్కడా పూర్తిగా గుండ్రంగానూ ఉండదు. నాలుగు నెలలకి బొమ్మ తయారైంది.

బొమ్మే. కారు ఇంకా కాలేదు.

కారు ఎలా నడవాలో చెప్పేవి అంకెలు. ఇంజిను ఎన్ని చుట్లు తిరిగితే ఎంత బలం, స్ప్రింగు ఎంత గట్టిది, బరువు ముందెంత వెనకెంత... అన్నీ మామూలు అక్షరాల ఫైళ్ళలో ఉంటాయి. 1489 సీసీ డీజిల్ ఇంజిను, వెనక కమాను కట్టలు, నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులు. ఇంతవరకూ పుస్తకాల్లో దొరికింది. బ్రేకు తొక్కాక ఎంతసేపటికి పట్టుకుంటుందో, స్టీరింగులో ఎంత ఆట ఉంటుందో పుస్తకాలు చెప్పవు. చెప్పగలిగిన మనిషి మాత్రం పక్క గదిలోనే ఉన్నాడు. 22 ఏళ్ళు అంబాసిడర్ టాక్సీ నడిపిన నాన్న.

ఆ టాక్సీని 2009లో పాత ఇనుము కింద అమ్మేశారు. ఆ తర్వాత ఆయన దాని ఊసెత్తలేదు. కొడుకు బల్లకి బిగించిన ప్లాస్టిక్ స్టీరింగ్ ముందు కూర్చోమంటే మొదట నవ్వారు. కూర్చున్నాక ఎడమచెయ్యి తనంతట తానే స్టీరింగ్ కిందికి వెళ్ళింది.

“గేరు రాడ్డేదిరా?”

“పక్కనుంది నాన్నా, కింద.”

ఇటలీలోని మోంజా రేసు ట్రాక్ మీద తెల్ల అంబాసిడర్ కదిలింది. మొదటి మలుపు దగ్గర బ్రేకు వేసి, కాలు తీసేశారు.

“ఇది అంబాసిడర్ కాదు. తొక్కగానే ఆగింది. మారేడుమిల్లి ఘాటీలో మన బండి ఇలా ఆగుంటే మీ అమ్మకి అన్ని మొక్కులెందుకురా?”

ఆ రాత్రి నుంచి నాన్న చెప్పడం, కొడుకు అంకెలు మార్చడం. డ్రమ్ము వేడెక్కితే పట్టు సడలుతుంది. అందుకే ఘాటీ దిగేటప్పుడు బ్రేకుని నమ్మకూడదు, ఎక్కిన గేర్లోనే దిగాలి. ఇలా చెబుతూ చెబుతూ ఓ రోజు ఇంట్లో ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి బయటపెట్టారు. వెనక సీట్లో అయిదుగురున్నారు. దిగుతుంటే బ్రేకు కాలి కింద మెత్తగా దిగిపోయింది. కొండవైపు మట్టికట్టకి బండిని రాసుకుంటూ పోయి ఆపారు. మర్నాడు రేకు సాపు చేయించుకుని ఇంటికొచ్చారు. “గేటుకి తగిలిందన్నాను మీ అమ్మతో.”

బ్రేకు వేడెక్కేకొద్దీ పట్టు ఎంత తగ్గాలో చెప్పే పట్టిక ఆ ఆటలో ఉంది. ఆ పట్టికలో ఆ రోజు సాయంత్రం నింపిన అంకెలు ఏ పుస్తకంలోవీ కావు.

కారుని ఉచితంగా విడుదల చేశాడు. రెండు నెలలు తిరక్కుండానే అదే కారు వేరెవరి పేరుతోనో అమ్మకానికి కనిపించింది. తెచ్చుకున్నవాడు రంగు మార్చాడు. నంబరు ప్లేటు మార్చడం మర్చిపోయాడు. అది ఇనుపకొట్టుకి పోయిన టాక్సీ నంబరు.

ఒళ్ళు మండిపోయింది కుర్రాడికి. ఫైళ్ళకి తాళం వేసే దారులున్నాయి. వేసేద్దామనే కూర్చున్నాడు. అప్పుడే ఓ ప్రశ్న అడ్డం పడింది. ఇందులో తనదేమిటి? ఆకారం ఇంగ్లండులో మోరిస్ కంపెనీ గీసింది. అంబాసిడర్ అనే పేరుని 2017లో ఫ్రాన్స్‌లోని ప్యూజో గ్రూపు 80 కోట్లకి కొనుక్కుంది. తను వాళ్ళనీ అడగలేదు. ఆట ఇటలీవాళ్ళది, పనిముట్టు చందాలు వేసినవాళ్ళది. నెలల శ్రమ తనది, నిజమే. అంతకుమించి ఈ కారులో ఇంకెక్కడా దొరకనిది ఆ మెత్తటి బ్రేకొక్కటే. అది నాన్నది.

అందుకని నాన్ననే అడిగాడు. ఆయన పెద్దమనసు చేసుకుని పోనీలెమ్మంటారనుకున్నాడు. ఆయన అలా అనలేదు.

“నంబరు మాత్రం తీసెయ్యమను. బండి ఎవడైనా నడుపుకోవచ్చు. ఆ నంబరు మీద అప్పు కట్టింది నేను.”

అమ్మేవాడికి ఉత్తరం రాశాడు. జవాబు రాలేదు. వారం తర్వాత నంబరు మాత్రం మారింది, అమ్మకం ఆగలేదు. కొడుకు తాళం వెయ్యలేదు. తాళం వేస్తే దొంగకి ఇబ్బందే, కానీ రేపు ఏ గుంటూరులోనో ఏ వరంగల్లోనో మరో టాక్సీ డ్రైవరు కొడుకు ఆ ఫైలు తెరిచి, “మా నాన్న బండిలో స్టీరింగు ఇంకొంచెం వదులు” అని సరిచేసే దారి కూడా మూసుకుపోతుంది. రెండో విడతలో ఒక్క వాక్యం కలిపాడు. బ్రేకులు సరిచూసినవారు అంటూ నాన్న పేరు.

ఆయన మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. “మనది డీజిలు బండి. పెట్రోలు శబ్దం పెట్టావేంట్రా?” అంటున్నారు. కొవ్వూరులో ఇంకా తిరుగుతున్న డీజిల్ అంబాసిడర్ ఒకటుందట. పొద్దున్నే ఇంజిను చల్లగా ఉండగా స్టార్టు చేస్తేనే అసలు శబ్దం వస్తుందని ఆయన పట్టు. వచ్చే ఆదివారం మైకు తీసుకుని ఇద్దరూ తెల్లారకముందే గోదావరి దాటాలి.