పిల్లల చేతికి కొలిమి

సియాటిల్‌కి దక్షిణంగా యాభై కిలోమీటర్ల దూరంలో టకోమా ఉంది. ఆ ఊళ్లో కొండమీది పేట హిల్‌టాప్. ఇప్పుడు పగటిపూట నడుస్తుంటే చెట్లూ, పాత చెక్క ఇళ్లూ, ఆస్పత్రి భవనాలూ కనిపిస్తాయి. 1980ల చివర్లో మాత్రం క్రాక్ కొకైన్, ముఠాల కక్షలు ఈ వీధుల్ని పట్టి పీడించాయి. 1989 సెప్టెంబరులో యాష్ స్ట్రీట్‌లో డ్యూటీలో లేని ఆర్మీ రేంజర్లకీ, మత్తుమందుల ముఠా అని అనుమానం ఉన్నవాళ్లకీ మధ్య కాల్పులు జరిగాయి. వందల తూటాలు పేలినా, అదృష్టవశాత్తూ ఎవరి ప్రాణమూ పోలేదు. ఆ రోజుల్లో ఇక్కడ పెరుగుతున్న పిల్లల కోసమే 1994లో హిల్‌టాప్ ఆర్టిస్ట్స్ అనే సంస్థ మొదలైంది. నేను చూడటానికి వెళ్లింది ఈ పేట మిడిల్ స్కూల్లో వాళ్లు నడిపే గాజుశాలని.

తలుపు తీయగానే వేడి ముఖానికి కొట్టింది. కొలిమిలో గాజు దాదాపు 1,100 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగి ఉంటుంది. పద్నాలుగేళ్లుంటాయేమో, ఒక అమ్మాయి పొడవాటి ఇనుప గొట్టాన్ని అందులో ముంచి, తిప్పి, బెల్లం పాకంలా వేలాడుతున్న నారింజ రంగు ముద్దని బయటికి తీసింది. గొట్టాన్ని తిప్పడం ఒక్క క్షణం ఆపినా ముద్ద ఒకవైపుకి జారిపోతుంది. అందుకే బెంచీ మీద కూర్చున్నాక కూడా ఆమె ఎడమచెయ్యి గొట్టాన్ని దొర్లిస్తూనే ఉంది. కుడిచేతిలో తడిపి మడతపెట్టిన న్యూస్‌పేపర్. దానితోనే నేరుగా గాజుని గుండ్రంగా సవరిస్తోంది! మధ్యలో ఉన్నది పొగలు కక్కే ఆ కాగితం మడత మాత్రమే. అవతలి కొసన నేలమీద గొంతుక్కూర్చున్న కుర్రాడు, ఆమె "బ్లో" అంటే ఊదుతున్నాడు, "స్టాప్" అంటే ఆపుతున్నాడు. మరొకడు చెక్క పలకని ఆమె చేతికి అడ్డంపెట్టి వేడి తగలకుండా కాస్తున్నాడు. ముగ్గురిలో ఎవరి చూపూ ఫోను మీద లేదు. ఉండే వీలూ లేదు.

నన్ను కదిలించింది ఇదే. గొడవపడే పిల్లలని ముద్ర పడినవాళ్ల దగ్గర్నుంచి మనం ముందు పదునైనవన్నీ లాగేసుకుంటాం. ఇక్కడ నేర్పి, పక్కనే నిలబడి, వాళ్ల చేతికే నిప్పు అప్పగించారు. తోటివాడి చర్మం కాలకుండా చూసే బాధ్యత కూడా ఇచ్చారు. నాకు తెలిసి, ఏ హితబోధా ఆ వయసు పిల్లల్ని ఇంతగా గౌరవించదు.

ఈ జట్టు పద్ధతి వెనక ఒక మనిషి జీవితం ఉంది. సంస్థని కాథీ కాపెరిక్‌తో కలిసి స్థాపించిన డేల్ చిహూలీ 1941లో ఈ టకోమాలోనే పుట్టాడు. టీనేజిలోనే అన్నయ్యనీ, తండ్రినీ పోగొట్టుకున్నాడు. గాజు కళాకారుడిగా ఎదుగుతుండగా 1976లో కారు ప్రమాదంలో ఎడమకంటి చూపు పోయింది. తర్వాత భుజానికి దెబ్బ తగిలాక గొట్టం పట్టడం మానేసి, గీసిన బొమ్మలు చూపిస్తూ బృందంతో పని చేయించాడు. ఒంటి చేత్తో చేయలేని పనిని పదిమంది చేతులతో చేయించడమే అతని జీవితం.

అందరూ నేరుగా కొలిమి దగ్గరికి వెళ్లరు. కొంతమంది బల్లల దగ్గర రంగు గాజు పలకల్ని కత్తిరించి, పక్కపక్కన పేర్చి, ఒకటిగా అతుక్కునేలా బట్టీలో పెడతారు. మొజాయిక్ పని కూడా ఉంది. పిల్లలు ఫీజు కట్టక్కర్లేదు. తయారైన వస్తువుల్లో కొన్నిటిని అమ్మితే వచ్చే డబ్బు సంస్థ నడవడానికి ఉపయోగపడుతుంది.

నేనక్కడ ఉండగానే ఆ అమ్మాయి చేస్తున్న గిన్నె పగిలింది. ఊదే గొట్టం నుంచి ఇంకో కడ్డీకి మార్చేటప్పుడు అతుకు వదిలి సిమెంటు నేలమీద పడింది. ఒక్కసారిగా అందరూ వెనక్కి జరిగారు. టీచరు కేకలు వేయలేదు, ఓదార్చనూ లేదు. అతుకు ఎందుకు వదిలిందని అడిగింది. చాలినంత వేడి చేయలేదని ఊదిన కుర్రాడు తనంతట తానే ఒప్పుకున్నాడు. చీపురు తెచ్చి ముక్కలు ఊడ్చారు. టైము చూసుకుంటే ఇంకో గిన్నెకి సరిపోతుంది. దాన్ని ఈ రాత్రంతా దాదాపు 480 డిగ్రీల నుంచి నెమ్మదిగా చల్లార్చాలి, లేకపోతే లోపలి ఒత్తిడికి తనంతట తానే పగులుతుంది. అమ్మాయి ఈసారి ఊదే కొసకి వెళ్లి, బెంచీ మీది చోటు ఆ కుర్రాడికి ఇచ్చింది.