దసరా కత్తి

మా ఇంట్లో ఆయుధపూజ రోజు కొడవలి, పలుగు, నాన్న బండి పక్కన ఒక పాత బాయొనెట్ కూడా పెడతారు. ముత్తాత మొదటి ప్రపంచయుద్ధానికి వెళ్ళి బస్రా నుంచి తెచ్చాడట. ఈ కథ మా హాస్టల్ వింగ్ మొత్తానికి బట్టీ వచ్చేసి ఉంటుంది, అన్నిసార్లు చెప్పాను.

పోయిన సెలవుల్లో దాని వయసు తేలుద్దామనిపించింది. ఏళ్ళ తరబడి పూసిన కుంకుమ అక్షరాల్లో గట్టిపడిపోయింది. కొబ్బరినూనె, పాత టూత్‌బ్రష్‌తో ఒక పూటంతా రుద్దాను.

లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్ బాయొనెట్ల మీద చాలాసార్లు 1907 అని ఉంటుంది. అది తయారైన సంవత్సరం కాదు, డిజైన్ సంవత్సరం. మన సిలబస్ మీద ఆర్20 ఉన్నట్టన్నమాట, ఏ బ్యాచ్ రాసినా అదే ఆర్20. అసలు తేదీ దాని కింద చిన్న అంకెల్లో ఉంటుంది: 5 17 అంటే 1917 మే. బ్లేడుని వంచి చూసి పాస్ చేస్తే ఇంటూ గుర్తు కొడతారు. పిడి చివర గుద్దిన నంబర్ని చాలామంది ఫ్యాక్టరీ సీరియల్ అనుకుంటారు. ఫ్రెంచి గ్రా బాయొనెట్‌కైతే రైఫిల్ నంబరే వేసేవాళ్ళు. మనవాటి మీద మాత్రం అది ఎక్కువగా పటాలం వాళ్ళు లెక్క కోసం వేసుకున్నదే.

మా దాని మీద 1907 లేనే లేదు. కిరీటం, జి.ఆర్.ఐ., ఆర్.ఎఫ్.ఐ., అంటే బెంగాల్లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ. దాని కింద 43.

స్కేలు పెట్టి కొలిచాను. 12 అంగుళాలు. మొదటి యుద్ధం నాటి బ్లేడు 17 ఉండేది, పక్కన గాడి కూడా ఉండేది. రెండో యుద్ధంలో ఇక్కడ పాతవాటిని కోసి పొట్టి చేశారు కూడా, కానీ అలా కోసినా గాడి మిగులుతుంది కదా. దీనికి గాడే లేదు. పుట్టుకతోనే పొట్టిది.

చెప్పకుండా ఊరుకోవాల్సిందేమో. భోజనాల దగ్గర చెప్పేశాను. అమ్మ, "చదువుకున్నది ఇందుకేనా?" అంది. తాతయ్య చెయ్యి కడుక్కుని వచ్చి, బొటనవేలితో ఆ 43ని తడిమి తడిమి చూశాడు.

"సరిగ్గా చదివావట్రా?"

"సరిగ్గానే చదివాను తాతయ్యా."

"43లో పటాలంలో ఉన్నది మా నాన్న కాదు. చిన్నాన్న."

చిన్నాన్న అనే మనిషి ఉన్నాడని నాకు అప్పుడే తెలిసింది. యుద్ధం అయ్యాక ఒక ట్రంకుపెట్టెతో ఇంటికొచ్చాడట. పొలం పంపకాల్లో అన్నదమ్ములు మాట మాట అనుకుంటే, పెట్టె ఇక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. ఆయన పేరు ఇంట్లో ఎత్తకూడదన్నారు, కత్తి మాత్రం ఉండిపోయింది. తాతయ్యకి అప్పటికి ఆరేళ్ళు.

ముత్తాత బస్రా వెళ్ళిన మాట నిజమేనంటాడు తాతయ్య. ఏమీ తీసుకురాలేదంతే.

ఆ సాయంత్రం ఆయనే నన్ను పిలిచి, పిడి చివరి నంబర్ని పెద్ద అంకెలతో కాగితం మీద రాయించుకున్నాడు. చొక్కా జేబులో పెట్టుకున్నాడు. దసరాకి కత్తి మళ్ళీ పూజలో పెట్టారు. ఎవరిదని ఈసారి ఎవరూ చెప్పలేదు.