మొదటి డబ్బు ఎవరికి

పలాస–కాశీబుగ్గలో జీడిపప్పు వ్యాపారం చేయాలంటే చేతిలో డబ్బు ఉంటే చాలదు, ఆ డబ్బు నెలల తరబడి కంటికి కనబడకపోయినా తట్టుకోగలగాలి. మార్చి నుంచి మే దాకా తోటల్లో జీడిపిక్క రాలుతుంది. ఉన్నదీ అప్పు తెచ్చిందీ కలిపి అప్పుడే కొని నిల్వ చేసుకోవాలి. ఆ పిక్కను ఉడికించి, పగలగొట్టి, పప్పును బోర్మా డ్రయ్యరులో ఆరబెట్టి, పొర తీసి, సైజుల వారీగా ఏరి టిన్నుల్లో పంపుతారు. సరుకు అరువుకి వెళ్తుంది, డబ్బు ఎప్పుడో వస్తుంది. 2020 మార్చి 25న దేశమంతా మూతపడింది సరిగ్గా పిక్క కొనే రోజుల్లోనే. పెళ్లిళ్లు లేవు, స్వీటు షాపులు తెరవలేదు. లడ్డూల్లో జీడిపప్పు వేసే తిరుమలలో దర్శనాలే మార్చి 20 నుంచి ఆగిపోయాయి.

పలాస చుట్టూ ఉన్న ఉద్దానం ప్రాంతానికి అది రెండో దెబ్బ. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు వేళ్లతో సహా లేచిపోయాయి. జీడి మొక్క నాటితే కాపు మొదలవడానికే మూడు నాలుగేళ్లు పడుతుంది. అంటే తుపాను తర్వాత వేసిన మొక్కలు ఇంకా కాపుకి రాకముందే లాక్‌డౌన్ వచ్చిపడింది.

నేను టెక్కలిలో చిన్న వ్యాపారుల లెక్కలు రాస్తాను. కాశీబుగ్గలో మా పెదనాన్నగారి అబ్బాయి, వదిన కలిసి చిన్న జీడి ఫ్యాక్టరీ నడుపుతున్నారు. రాకపోకలు మొదలయ్యాక కాగితాలు పట్టుకుని వాళ్ల దగ్గరికి వెళ్లాను. కేంద్రం మే నెలలో 3 లక్షల కోట్ల హామీ రుణాల పథకం ప్రకటించింది. ఫిబ్రవరి 29 నాటికి బ్యాంకులో ఉన్న బాకీలో 20 శాతం, అదనపు తాకట్టు లేకుండా ఇస్తామన్నారు. వాయిదాలకు ఆగస్టు 31 దాకా రిజర్వు బ్యాంకు వెసులుబాటు ఇచ్చింది కానీ వడ్డీ మాత్రం నడుస్తూనే ఉండేది. అన్నయ్యకు బ్యాంకు బాకీ తక్కువ, బయటి వడ్డీ బాకీ ఎక్కువ. అందుకే పథకం కింద వచ్చేదీ తక్కువే. ఆ వచ్చింది ముందు పెద్ద వడ్డీకి కట్టేయాలని లెక్క చెబుతుంది. అదే చెప్పాను. వదిన ఒప్పుకోలేదు. పీలింగ్ చేసే ఆడవాళ్లకు మార్చి కూలి బాకీ ఉంది. అది తీర్చి, మరికొంత అడ్వాన్సు ఇచ్చాకే ఇంకెవరికైనా అంది.

“అప్పు ఆగితే వడ్డీయే కదా బాబూ పెరుగుతాది. పని తెలిసిన మనిషి ఎల్లిపోతే ఎక్కడ్నుంచి తెత్తాం?”

ఆ మాట వెనకున్న లెక్క ఆమె కళ్లాల దగ్గర కూర్చుని చెబితే గాని నాకు తెలియలేదు. 80 కేజీల బస్తా పిక్కకు 20 కేజీల చుట్టూ పప్పు వస్తుంది. లాభమంతా అందులో ఎంత గుండుగా నిలిచింది, ఎంత బద్దగా, ముక్కగా విరిగింది అన్నదాని మీదే ఉంటుంది. గుండు ధర వేరు, ముక్క ధర వేరు. పొర తీసే చేతికి అలవాటు లేకపోతే మంచి పిక్క కొన్నా ముక్కలే మిగులుతాయి. టెక్కలి చుట్టుపక్కల గ్రానైట్ యూనిట్లలో పని ఆగితే కనీసం రాయి రాయిలా ఉంటుంది. ఇక్కడ చేతులు ఖాళీగా ఉండవు, ఉపాధి హామీ పనికో పొలానికో వెళ్లిపోతాయి. పైగా ఉద్దానంలో కూలి ఆగడమంటే వంటింటి సమస్య ఒక్కటే కాదు. ఇక్కడ చాలామందికి ఉన్న కిడ్నీ జబ్బుతో మనిషి ఇంట్లో ఉంటే డయాలసిస్‌కి వెళ్లడానికి ఆటో డబ్బులు కూడా ఆ కూలిలోంచే రావాలి. బాకీ ఎంతకాలం ఆగగలదో వదిన ఒక్కో ఇంటికీ విడివిడిగా ఎంచి చూసింది.

బాకీ అందాక చాలామంది తిరిగొచ్చారు, కొందరు రాలేదు. లారీ లోడు కొనే స్తోమత లేదు కాబట్టి కొద్ది బస్తాలే కొని, పప్పు తీసి అమ్మి, ఆ డబ్బుతో మళ్లీ కొద్దిగా కొన్నారు. ముక్కల్ని వ్యాపారి కోసం ఆపకుండా ఇంటి దగ్గరే కేజీల లెక్కన అమ్మేశారు. లాభం పలచన, కానీ డబ్బు వారంలో తిరిగొచ్చేది. బయటి అప్పు తీరడానికి చాలాకాలం పట్టింది, ఆ భారం వాళ్లు మోశారు.

అదే ఏడాది అమెరికాలో చిన్న సంస్థలకు ఇచ్చిన రుణంలో కనీసం 60 శాతం జీతాలకు ఖర్చు పెడితే దాన్ని పూర్తిగా మాఫీ చేసే ఏర్పాటు చేశారు. మన దగ్గర చిన్న సంస్థల పీఎఫ్ వాటాలను కొన్ని నెలలు ప్రభుత్వమే కట్టింది. అది మంచి పనే. కానీ కేజీ లెక్కన పొర తీసే మనిషికి పీఎఫ్ ఖాతా ఎక్కడిది? మన హామీ రుణమేమో బ్యాంకు బాకీని కొలబద్దగా పెట్టుకుంది. బ్యాంకు గడప తొక్కని ఇంటి ఫ్యాక్టరీలు, వాటిని నడిపే ఆడవాళ్లు ఆ కొలతకు అందలేదు. ఇది నాకు బాధగా ఉంటుంది, ఇంకోసారి ఇలాంటి కాలం వస్తే సాయం కూలి వైపు నుంచి మొదలుకావాలని గట్టిగా కోరుకుంటాను.

ఇప్పుడు టైలరు వచ్చినా, టిఫిన్ బండి నడిపే ఆవిడ వచ్చినా, ఎంత అప్పు కావాలని ముందు అడగను. ఎవరికి ఎంత కూలి బాకీ ఉన్నారో, వాళ్లలో ఎవరు లేకపోతే పని ఆగుతుందో అడుగుతాను. ఆ పేర్లు, బాకీలు ఒక కాగితం మీద రాసి రుణం దరఖాస్తుకు జతచేస్తున్నాను. బ్యాంకులో కొందరు ఆ కాగితం అక్కర్లేదంటారు. అయినా పెడుతున్నాను.