మేడ బాగుపడును, సరే

చార్మినారునకు కూతవేటు దూరమున సర్దార్ మహలను మేడ కలదు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను 1900వ సంవత్సరమున దీనిని ఐరోపా పద్ధతిని సర్దార్ బేగముకొరకు కట్టించెను. ఆమెకు మేడ నచ్చలేదట. అందు కాపురమే యుండలేదట. పేరుమాత్రము నిలిచినది. పన్ను బాకీపడుటచే 1965లో పురపాలక సంస్థ దానిని స్వాధీనపరచుకొన్నది. పిమ్మట చిరకాలమందే పురపాలక కచేరి నడచినది. ఇంటిపన్ను కట్టుటకై నేనును ఒకప్పుడా మెట్లెక్కితిని. పన్ను చెల్లింపని మేడయే పన్ను పుచ్చుకొను మేడయైనదిగదా యని నవ్వుకొంటిని. ఆ నవ్వుతోనే యొక సంగతి తోచినది: ఈ మేడ యిపుడు రాజుది కాదు, రాణిది కాదు, పన్ను కట్టు జనులది.

2022లో ప్రభుత్వమువారు దీని జీర్ణోద్ధరణకు పూనుకొనిరి. కళాప్రదర్శనలకు తావును, యాత్రికులకు వసతిని కల్పించి, నిర్వహణమును ప్రైవేటు సంస్థ కప్పగింపవలెనను యోచన బయలుదేరినది. వార్త చదివి వినిపింపగా మా అమ్మ యొక్కమాట యడిగినది: "నాయనా, మేడ బాగుపడును, సరే. వాకిట కావలివాడు నన్ను లోనికి రానిచ్చునా?"

నేను గుత్త నిచ్చుటకు విరోధిని కాను. ధనము వెచ్చించి పాతమేడ నొకమారు బాగుచేయుట సులభము. ఏటేట వానలకు ముందు కప్పు చూచుకొనుట, సున్నపుపూత రాలినచోట వెంటనే పూయించుట కష్టము. కచేరులకు ఆ యోపిక తక్కువ. మేడవలన జీవించువానికి మేడపై శ్రద్ధ యుండును. కాని ఆ శ్రద్ధ తన లాభమున్నంత దూరమే పోవును. అవ్వలి భాగమును ఒడంబడికలో మనమే వ్రాయించుకొనవలెను.

ఇందుకు మద్రాసు విక్టోరియా పబ్లిక్ హాలు మంచి పాఠము. 1883లో విజయనగర మహారాజు ఆనందగజపతి దానికి శంకుస్థాపన చేసెను. పౌరుల విరాళములతో మందిరము లేచినది. నేల నగరపాలక సంస్థది. దానిని 99 ఏండ్ల గుత్తకు ధర్మకర్తల చేతిలో నుంచిరి. 1897లో వివేకానందు డచ్చట ప్రసంగించెను. సుగుణవిలాస సభవారు నాటకము లాడిరి. అయినను గడువు తీరినపిదప హక్కుల తగవు పుట్టి, మందిర మేండ్లతరబడి మూతపడినది. ఆ ధర్మకర్తలు లాభాపేక్షగల వర్తకులు కారు. సదుద్దేశముతో నెలకొన్న సంఘమునకే దీర్ఘకాలపు గుత్త ఇట్టి చిక్కు తెచ్చినప్పుడు, లాభముకొరకు వచ్చువానితో మన మెంత జాగ్రత్తగా నుండవలెను!

కావున గుత్తపత్రమున నాలుగు మాటలు స్పష్టముగా నుండవలెను. గడువు కొద్దిగా నుండి, మరల నిచ్చుటకు ముందు మేడస్థితి పరీక్షింపబడవలెను. ఏ మరమ్మతు ఎవరిదో, చేయనిచో దండన యేమో వ్రాయవలెను. అద్దెయెంతో, అది యెచ్చట వ్యయమగుచున్నదో తెలుగునను ఉర్దూనను వాకిటనే ప్రకటింపవలెను. నాలుగవది ముఖ్యము: ఏటికిన్ని దినములని పాతబస్తీ బడిపిల్లలకు, ముషాయిరాలకు, నాటక సమాజములకు, స్త్రీల సభలకు స్వల్పరుసుముతో ఆ ప్రాంగణము దక్కవలెను. ఆ దినములు గుత్తదారుని దయగా గాక మన హక్కుగా నుండవలెను.

ఇల్లు అద్దెకిచ్చు గృహస్థుడు సైతము తన బావి నీరు తోడుకొను హక్కును పత్రమున వ్రాయించుకొనును. ఊరుమ్మడి మేడ నిచ్చునప్పుడు మన కాపాటి గృహస్థధర్మమైనను వలదా? నగరసభలో మనకు ప్రతినిధులున్నారు. పత్రముపై సంతకము పడకమునుపే వారి నడుగుట మన పని. పడిన పిమ్మట వగచుట వ్యర్థము.

మా అమ్మ ప్రశ్నకు నేనింకను బదులు చెప్పలేదు. ఆ బదులు నా నోట లేదు. ఆ పత్రమున నుండవలెను.