దారిన పోయే దానయ్యలూ, డిసెంబరు గేటూ



కులం సర్టిఫికెట్ల గురించి పోయిన వారం రాసిన భాగం చదివి, డిగ్రీ రెండో సంవత్సరం కుర్రాడొకడు మెసేజ్ పెట్టాడు. "మేడమ్, చర్చి గేటు దగ్గర టీ తాగినా సర్టిఫికెట్ పోద్దా?" పక్కన నవ్వు బొమ్మ. పోదు తమ్ముడూ. కానీ ఆ అనుమానం నీకు ఊరికే రాలేదు. ఈ వారం దాని గురించే.

ముందు ఆ టీ సంగతి. సికింద్రాబాద్‌లో బస్సులూ ఆటోలూ ఎడతెగకుండా తిరిగే రోడ్డు పక్కన ఒక పాత చర్చి ఉంది. పేరు చెప్పను. క్రిస్మస్‌కు ముందొచ్చే నాలుగు ఆదివారాలను చర్చిలో ఆగమన కాలం అంటారు. రాబోయేవాడి కోసం ఎదురుచూసే కాలం. ఆ నాలుగు వారాలూ శనివారం సాయంత్రం గేటు బార్లా తీసి, ఫుట్‌పాత్ అంచున ఒక బల్ల వేస్తారు. స్టీలు డ్రమ్ములో టీ, పళ్ళెంలో కేకు ముక్కలు. పైన కాగితం నక్షత్రం. వెనక గిటారుతో యూత్ వాళ్ళ పాటలు. పక్కనే మూతకు చీలిక పెట్టిన ఒక అట్టపెట్టె, దాని మీద "మీ ప్రార్థన అక్కరలు" అన్న అక్షరాలు. దారిన పోయేవాళ్ళెవరైనా చీటీ రాసి అందులో వేయొచ్చు. మర్నాడు ఆరాధనలో వాటిని చదివి ప్రార్థిస్తారు.

ఒక స్నేహితురాలు పిలిస్తే వెళ్ళి, మూడు డిసెంబర్లుగా ఆ బల్ల వెనక టీ పోస్తున్నాను. "మీరు క్రైస్తవులా?" అని కామెంట్లలో అడిగేవాళ్ళుంటారు. జవాబు చెప్పను. ఎందుకు చెప్పనో కిందికి చదివితే తెలుస్తుంది.

బల్ల దగ్గర ఆగేవాళ్ళను చూడటం బాగుంటుంది. ఆఫీసు నుంచి ఇంటికెళ్తున్న ఒకావిడ చెప్పులు గేటు దగ్గరే విడిచి, లోపలికెళ్ళి దండం పెట్టుకొస్తుంది. చేతికి ఎర్రదారాలున్న కుర్రాళ్ళు నక్షత్రం కింద సెల్ఫీ దిగుతారు. అయ్యప్ప మాలలో ఉన్న ఒక ఆటో డ్రైవరు, టీ వద్దని చెప్పి, కూతురి పరీక్షల కోసం చీటీ రాసి, కింద పేరూ సెల్ నంబరూ వేసి మరీ వెళ్ళాడు. ఏ భయమూ లేదు. ఉండకూడదు కూడా.

ఇంకో రకం వాళ్ళున్నారు. కొంచెం దూరంగా, చెట్టు కింద నిలబడతారు. పాట వింటుంటే వాళ్ళ పెదాలు కదులుతుంటాయి. రెండో చరణం, మూడో చరణం కూడా నోటికొచ్చు. గూడెంలో చిన్నప్పుడు నేర్చుకున్న పాట మరి. ఎవరైనా ఫోన్ పైకెత్తగానే పక్కకు జరుగుతారు. చీటీ రాస్తారు, ఇచ్చేటప్పుడు మాత్రం "పేరు చదవొద్దండీ" అంటారు. కొందరు పేరే రాయరు. గ్రూప్స్ పరీక్ష, గురుకులం పోస్టు, తమ్ముడికి హాస్టల్ సీటు. అక్కరలు అవే.

చుట్టపు చూపుగా వచ్చినవాళ్ళు పేరు రాస్తున్నారు. ఇంటివాళ్ళు పేరు దాస్తున్నారు.

దారిన పోయే దానయ్య అని మనకొక మాట ఉంది. ఎవడైనా కావచ్చు, ఎవరికీ పట్టనివాడు. మాలపల్లె నుంచో మాదిగ గూడెం నుంచో వచ్చిన మన తాతలకు ఆ భాగ్యం లేదు. ఊరి వీధిలో చెప్పులు చేతపట్టుకోవాలి. ఎదురొచ్చినవాడికి దారివ్వాలి. ఎవరి పాలేరువో చెప్పాలి. ఎవరికీ పట్టకుండా నడిచిపోవడం నగరం మనకిచ్చిన పెద్ద సుఖం. అదీ చర్చి గేటు దాకానే.

ఎందుకంటే, 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులోని మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు ఎస్సీ కాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులూ ముస్లింలూ ఇప్పటికీ బయటే. మన రెండు రాష్ట్రాల్లో క్రైస్తవం తీసుకున్న ఎస్సీలను బీసీ-సిలో పెట్టి ఒక్క శాతం ఇచ్చారు. ఈ మూడో పేరాను తీసెయ్యమని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే చెప్పింది. 2022 అక్టోబరులో కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన ఇంకో కమిషన్ వేశారు, దాని గడువు పెంచుతూ వచ్చారు. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది.

ఇక కోర్టులు. 2024 నవంబరులో, పుదుచ్చేరి మహిళ కేసులో, సుప్రీంకోర్టు ఎస్సీ సర్టిఫికెట్ ఇవ్వడం కుదరదంది. ఆమె క్రైస్తవురాలే అని తేల్చడానికి చూసినవాటిలో క్రమం తప్పకుండా చర్చికి వెళ్ళడం ఒకటి. 2025 ఏప్రిల్ నెలాఖరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, కులం పేరుతో తిట్టారని ఒక పాస్టర్ పెట్టిన కేసును కొట్టేసింది. మతం మారినవాడికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదంది. గూడెంలో పాస్టర్‌ను తిట్టాలనుకున్నవాడికి ఆయన మతం అడ్డురాదు. చట్టానికి మాత్రం అడ్డొచ్చింది.

కాబట్టి ఒక కప్పు టీతో ఏమీ కాదు. కానీ గేటు లోపలికి వెళ్ళే అలవాటు సాక్ష్యమవుతుంది. చెట్టు కింద నిలబడ్డ మనిషికి ఈ తీర్పులు తెలియకపోవచ్చు, లెక్క తెలుసు. అదే పెళ్ళి ప్రకటనలో "రెడ్డి క్రిస్టియన్" అని వేసుకున్నవాడికి పొలం పోదు, పలుకుబడి పోదు. దేవుణ్ణి మార్చుకున్నందుకు ఖరీదు కట్టేది మనం మాత్రమే.

జాషువా 1941 నాటి "గబ్బిలం"లో గుడి తలుపు తెరుచుకోని అరుంధతీసుతుడు గబ్బిలం చేత శివుడికి కబురు పంపాడు. ఇక్కడ తలుపు తెరిచే ఉంది. అయినా చీటీ మీదే కబురు పంపుకుంటున్నాం, పేరు లేకుండా.

చర్చి పెద్దలకు కూడా ఒక మాట. తెలుగు నేల మీద చర్చి, గేటు దగ్గర నిలబడి రోడ్డును పిలిస్తే నిండలేదు. రోడ్డు మీద నడిచేవాళ్ళే దాన్ని నిలబెట్టారు. ఒంగోలులో క్లౌ దొర మొదట పైకులాల పిల్లల కోసం బడి పెట్టాడు. మాదిగలు బాప్తిస్మానికి రాగానే పైకులాలు బడి మానేశాయి. తాళ్ళకొండపాడు మాదిగ యెర్రగుంట్ల పేరయ్య తోళ్ళ వ్యాపారం మీద ఊరూరా తిరుగుతూ, కాలినడకన ఆ వార్త మోశాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెలంపల్లి దగ్గర, ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ పేరయ్య మనవళ్ళే ఈరోజు చెట్టు కింద నిలబడుతున్నారు.

నవంబరు రెండో ఆదివారం దళిత విమోచన ఆదివారమని చర్చిలు జరుపుతాయి. మంచిదే. కానీ అది గోడ లోపలే ముగుస్తుంది. నగరం ఆగి చూసేది డిసెంబరులో. కాబట్టి బల్ల దగ్గర ఫొటోలు, లైవ్‌లు ఆపండి. పేరులేని చీటీలను ముందు చదవండి. నాలుగు ఆగమన ఆదివారాల్లో ఒక్కటైనా మూడో పేరా గురించి మాట్లాడండి, ఆ కాగితం కేకు పళ్ళెం పక్కనే పెట్టండి. సెల్ నంబరు రాసిపోయిన ఆటో అన్న కూడా అది చదవాలి. తనకున్న స్వేచ్ఛ పక్కవాడికి లేదని తెలిస్తే ఊరుకునే మనిషిలా ఆయన నాకు కనిపించలేదు.

క్రిస్మస్ కథ మొదలయ్యేదే జనాభా లెక్కతో. రోమా చక్రవర్తి ఆజ్ఞ వేస్తే, పేరు రాయించుకోవడానికి నిండు చూలాలితో యోసేపు బేత్లెహేము వెళ్ళాడు. ప్రతి ఏడూ సత్రంలో చోటు లేదన్న దాని మీద ప్రసంగాలు వింటాం, ఆ రిజిస్టరు మీద వినం. 2027 జనగణనలో కులం కూడా రాస్తారు. గూడెంలో అమ్మ ముందుకు ఆ కాగితం వస్తుంది. మతం గడిలో ఒక నిజం రాయిస్తే, కులం గడిలో ఇంకో నిజం చెల్లకుండా పోతుంది. ఆమె ఏం చెప్పాలి?

క్యాంపస్‌లోని తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ చివరిగా. ఇలా పేరు దాచుకునేవాళ్ళను రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాళ్ళనీ, దొంగ క్రైస్తవులనీ మన సభల్లోనే ఎగతాళి చేస్తున్నారు. బాబాసాహెబ్ 1956లో బౌద్ధం తీసుకున్నారు. ఆ దారిన నడిచినవాళ్ళు ఎస్సీ హోదా కోసం 1990 దాకా ఆగాల్సొచ్చింది. ఆ 34 ఏళ్ళు వాళ్ళు పడ్డది మనకు తెలిస్తే, చెట్టు కింద నిలబడ్డ మనిషిని వెక్కిరించం. మతం ఏదైనా కావచ్చు, లేకపోనూవచ్చు. ఆ గడి నింపడానికి భయపడకుండా ఉండటం హక్కు. ఈ డిసెంబరులో మీ ఊళ్ళో ఏ చర్చి గేటు ముందైనా బల్ల వేస్తే, మూడో పేరా ప్రతులు ఓ యాభై తీసుకెళ్ళి అక్కడ పెట్టండి. ఎవరి పేరూ అడక్కండి.

వచ్చే వారం: బీసీ-సి ఒక్క శాతం కథ.

జై భీమ్.