సస్తా లిఫ్టు, పక్కా జమీన్

మా తమ్ముడు ఇంటి షెడ్డులోనే కార్లు బాగుచేస్తాడు. జాకీ మీద లేపిన కారు కింద వాడు దూరిన ప్రతిసారీ అమ్మీకి ఫికరే. అందుకే రెండు స్తంభాల లిఫ్టు కోసం ఏలూరు, తాడేపల్లిగూడెం తిరిగాం. ఎక్కడికెళ్లినా ధర, టన్నుల మాటే. వాడి దగ్గరికొచ్చే కార్లు 2 టన్నులు దాటవు; 4 టన్నుల లిఫ్టు హాయిగా సరిపోతుంది.

అసలు సవాల్ జమీన్‌ది. కారు బరువంతా ఆ రెండు స్తంభాల మీదుగా నేల మీదికే; స్తంభాలు ఒరగకుండా పట్టేది అడుగున ఉన్న బోల్టులే. మాది కొల్లేరు పక్క నల్లమట్టి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. పల్చటి గచ్చులో బోల్టు బిగిస్తే అది భరోసా కాదు, ధోకా. కాబట్టి సస్తా లిఫ్టే తీసుకుని, మిగిలిన పైసలు నేలకు పెట్టాం. నల్లమట్టి తీసేసి, గ్రావెల్ పోసి దిమ్మిస కొట్టి, ఇనుము కట్టి కాంక్రీటు వేయించాం. 28 రోజులు ఆగాకే బోల్టులు బిగించాం.

మీరూ కొనేటట్టయితే రంగు మీద, రవాణా ఖర్చు మీద బేరమాడండి. రెండు స్తంభాల్లోనూ ఉండాల్సిన తాళం మీద మాత్రం వద్దు. కరెంటు పోయినా, ఆయిల్ కారినా బండిని పట్టుకునేది అదే. పైకెత్తిన కారును ఆ తాళాల మీదికి దింపాకే కిందికి వెళ్లాలి. జాన్ హై తో జహాన్ హై అని మన బుజుర్గులు ఊరికే అనలేదు.